పడమటి ముఖం షోరూమ్‌కి "చీర కట్టినట్టుండే" ఎలివేషన్: సలహాలు కావాలి

రేఖామాత్రం
అందరికీ నమస్కారం. ఉప్పల్ దాటాక 80 అడుగుల రోడ్డు మీద ఒక చేనేత షోరూమ్ చేస్తున్నాను. గ్రౌండ్ ప్లస్ త్రీ. ముందు ముఖం 18 మీటర్ల వెడల్పు, 14 మీటర్ల ఎత్తు, నేరుగా పడమర. శ్లాబులు అయిపోయాయి, ఇప్పుడు ఎలివేషన్ (బయటికి కనపడే ముఖం) మీద పడ్డాం. ఓనర్ గారిది పోచంపల్లి వైపు నేత కుటుంబం. "బిల్డింగ్ చూస్తే చీర కట్టుకున్నట్టు ఉండాలమ్మా" అన్నారు. ఆయన చెప్పింది అంతే.

నేను మొదట అనుకున్నది ఇది: మంచి ఇక్కత్ చీర ఒకటి స్కాన్ చేసి, ఏసీపీ షీట్ల (గోడ బయట బిగించే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెళ్ల) మీద ప్రింట్ వేయించి ముఖమంతా కప్పేయడం. రెండర్‌లో (కంప్యూటర్ బొమ్మలో) అదిరిపోయింది. ఓనర్ గారు అప్పుడే వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేసుకున్నారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది, అదేమిటో పట్టుకోలేకపోతున్నాను.

రేకులషెడ్డు
ఏమిటో నేను చెప్తా. పదహారేళ్లుగా ఈ షీట్ల పనిలోనే ఉన్నాను. ఒక బట్టల షాపుకి అచ్చం ఇలాగే ప్రింట్ వేసి బిగించాం, అదీ పడమటి ముఖమే. మొదటి వేసవికి ఎరుపు గులాబీ అయింది. రెండో వేసవికి గులాబీ పాలిపోయి పాత చొక్కా రంగు తేలింది. జాయింట్ల దగ్గర ప్రింట్ పొర లేచి గాలికి ఊగేది. ప్రింట్ ఇచ్చిన కంపెనీ వారంటీ కాగితంలో "ప్రత్యక్ష సూర్యరశ్మి మినహా" అని సన్న అక్షరాల్లో రాసి పెట్టుకుంది. నా చివరి బిల్లు ఇప్పటికీ రాలేదు.

రంగు కావాలంటే అల్యూమినియం మీద పీవీడీఎఫ్ కోటింగ్‌కి (ఎండకి తట్టుకునే రంగు పూతకి) వెళ్లండి మేడమ్. బొమ్మలున్న ప్రింట్ జోలికి మాత్రం పోవద్దు.

శ్లాబ్‌మామ
రంగు సంగతి తర్వాత. ముందు ఆ ఏసీపీ మధ్యలో ఏముందో కనుక్కో అమ్మాయ్. మామూలు రకంలో రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఉండేది పాలిథిలీన్, అంటే ప్లాస్టిక్కు. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయారు. అక్కడ మంట బయటి గోడ పట్టుకుని పైకి ఎగబాకడానికి ప్రధాన కారణం ఆ రకం షీట్లే. పైగా నీది బట్టల కొట్టు, లోపల అంతస్తుల నిండా తగలబడే సరుకే. దానికి బయట కూడా ప్లాస్టిక్ చుట్టబెడతావా?

ఇంకోటి, షీటుకీ గోడకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడు, నిప్పంటుకుంటే అది పొగగొట్టంలా పనిచేస్తుంది. ఏం కట్టినా సరే, ప్రతి శ్లాబు దగ్గరా ఆ ఖాళీని మంట దాటకుండా మూయాలి.

పడుగుపేక
నేను ఆర్కిటెక్టును కాను. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి, ఇప్పుడు ఒకటి ఉంది. మీకు తేడా కొట్టిన చోటు నాకు తెలిసినట్టే ఉంది, తప్పయితే చెప్పండి.

ఇక్కత్‌లో బొమ్మని బట్ట మీద వేయరు. నేయకముందే నూలుకి రంగు పట్టిస్తారు. అమ్మ ఆసు పోసి (నూలుని మేకుల చుట్టూ వరసగా తిప్పి) ఇచ్చేది. నాన్న ఆ దారాల మీద గుర్తులు గీసి, రంగు తగలకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు ముక్కలు సన్నగా కోసి బిగించి కట్టేవాడు. రంగులో ముంచాక ఆ కట్లు విప్పి, ఇంకో చోట కట్టి, మళ్లీ ఇంకో రంగు. అప్పుడు మగ్గమెక్కిస్తే గీతలు వాటంతటవే బొమ్మగా కుదురుకోవాలి. నూటికి నూరు పాళ్లూ కుదరవు. వెంట్రుక మందం పక్కకి జరుగుతాయి. అందుకే ఇక్కత్ అంచులు నీళ్లలో చూసినట్టు చెదిరి ఉంటాయి. ఆ చెదురే దాని అందం.

మీరు దాన్ని స్కాన్ చేసి ప్రింట్ వేస్తే ఆ చెదురుకి ఫొటో తీసినట్టు. మా నాన్న చూస్తే "పవర్‌లూమ్ ప్రింటా?" అంటాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

రేఖామాత్రం
అన్నా, తప్పేం లేదు, సరిగ్గా అక్కడే కొట్టింది. స్టేటస్ తీసేయమని ఓనర్ గారికి చెప్పడమెలాగో కూడా ఎవరైనా చెప్పండి.

టోక్యో_తెలుగోడు
ఐటీ వాణ్ణి, బిల్డింగుల పిచ్చి ఉంది. ఆఫీసు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఒమొటెసాండో వీధి. బ్రాండ్ల షాపులన్నీ బిల్డింగుకి బట్టలు తొడగడంలో పోటీ పడ్డాయనిపిస్తుంది.

అక్కడి డియోర్ షాపు 2003లో పూర్తయింది, సనా అనే జపాన్ ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్. పగలు చూస్తే మామూలు చదును గాజు డబ్బా. గాజు వెనక అక్రిలిక్ పలకల్ని తెర మడతల్లా వంచి నిలబెట్టారు, వాటి మీద సన్నటి తెల్ల గీతలు. రాత్రి దీపాలు పెడితే బిల్డింగ్ పల్చటి పావడా కట్టుకున్నట్టు ఉంటుంది. ఎక్కడా పువ్వు లేదు, బొమ్మ లేదు. అదే వీధిలో జున్ అవోకి అనే ఆర్కిటెక్టు చేసిన లూయీ వ్యూటన్ (2002) పెట్టెలు దొంతరగా పేర్చినట్టు ఉండి, మీద లోహపు జాలీ కప్పుకుంది. ఆయనే 1999లో నగోయాలో చేసిన షాపుకి గళ్ల డిజైన్ రెండు పొరలు కాస్త దూరంగా పెట్టారు. మనం నడుస్తుంటే గళ్లు ఒకదానిమీద ఒకటి జారి పట్టుబట్టలా మెరుస్తాయి.

ఇంకో తమాషా ఉంది. బిల్డింగ్ బరువు మోయని బయటి గాజు గోడని మనం రోజూ "కర్టెన్ వాల్" అంటుంటాం కదా. షిగేరు బాన్ అనే ఆర్కిటెక్టు 1995లో టోక్యోలో ఒక ఇంటికి నిజంగానే రెండంతస్తుల తెల్లటి కర్టెన్లు వేలాడదీశాడు. చలికాలానికి వాటి వెనక గాజు తలుపులున్నాయి.

గల్ఫ్‌గాలి
మరి నిజం బట్టే వాడొచ్చుగా? దుబాయ్‌లో బుర్జ్ అల్ అరబ్ తెరచాప ముఖం టెఫ్లాన్ పూసిన గ్లాస్ ఫైబర్ బట్టే, 1999 నుంచి ఉంది. జెడ్డాలో హజ్ టెర్మినల్ గుడారాలు 1981వి, అవీ ఆ జాతి బట్టే. మా ఎండ కంటే మీ ఉప్పల్ ఎండ ఎక్కువేం కాదు.

శ్లాబ్‌మామ
వాడొచ్చు బాబూ. కాకపోతే బట్టకి ఒక నియమం ఉంది. చదునుగా లాగి కడితే గాలికి షామియానా పటపటలాడినట్టు ఆడుతుంది, ఆడి ఆడి కట్టిన చోట చిరుగుతుంది. గుర్రపు జీను లాగా ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి వంచి బిగించాలి. అప్పుడు ఎటు గాలి కొట్టినా ఏదో ఒక దారం బిగువుగా ఉంటుంది. నాలుగంతస్తుల షాపుకి ఆ కేబుళ్లూ, ఆ బిగింపులూ, పదేళ్ల తర్వాత మళ్లీ బిగించే మనుషులూ ఎక్కడ దొరుకుతారు?

పంతులుబాట
ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

గోట్‌ఫ్రీడ్ సెంపర్ అనే జర్మన్ ఆర్కిటెక్టు 1851లోనే ఈ మాట అన్నాడు: గోడ పుట్టింది రాతి నుంచి కాదు, అల్లిన చాప నుంచి. బరువు మోసేది గుంజ, చోటుని వేరు చేసేది అల్లిక. జర్మన్‌లో గోడని వాండ్ అంటారు, వస్త్రాన్ని గెవాండ్ అంటారు. మనకి ఈ పాఠం జర్మనీ నుంచి రానక్కర్లేదు, మా తాతగారి ఊళ్లో తడిక చూస్తే చాలు. వెదురు దబ్బలు నిలువునా పడుగు, అడ్డంగా పేక. అదే గోడ, అదే బట్ట. వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లేవాళ్లు. వాసన సరే, వేడిగాలి దాని గుండా వచ్చి చల్లబడేది. ముఖానికి తొడిగిన బట్ట పని చేయడమంటే నా దృష్టిలో అది.

కొత్తవాటిలో జైపూర్‌లోని పర్ల్ అకాడమీ చూడండి, 2008లో మార్ఫోజెనిసిస్ అనే ఆర్కిటెక్టుల సంస్థ చేసింది. జాలీని గోడకి అంటించకుండా నాలుగడుగులు ఎడంగా నిలబెట్టారు. ఎండ ముందు జాలీకి తగులుతుంది, గోడ నీడలో ఉంటుంది. మన ఊళ్లోనే సోమాజిగూడ పార్క్ హోటల్ ఉంది, 2010, ఎస్ఓఎం అనే అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్. నిజాం నగల్ని తలుచుకుంటూ లోహపు రేకుని చిల్లులు పెట్టి, ఉబ్బెత్తులు తీశారు. దాని మీద హారం బొమ్మ ఎక్కడా కనపడదు, మెరుపు కనపడుతుంది. రేఖా, నువ్వు చీర బొమ్మ వదిలేసి, చీర ఏం చేస్తుందో చూడు.

రేకులషెడ్డు
పంతులు గారూ, హాజరు వేసుకోండి. కానీ వట్టివేళ్ల మాట నచ్చింది.

కొంగుచాటు
నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కౌంటర్‌లో పనిచేస్తాను. మా తమ్ముడు ఈ చర్చ చూపించాడు. డిజైన్ల గురించి నాకు తెలియదు గానీ ఒకటి చెప్తాను. కస్టమర్ చీర చేతిలోకి తీసుకుని మొదట చేసే పని బొమ్మ చూడటం కాదు. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పుతుంది. నెమలికంఠం రంగు చీరలు అందుకే ఎక్కువ పోతాయి. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. ఏ రంగు చీర అని అడిగితే చెప్పలేం. మీ బిల్డింగ్‌ని ఎవరూ చేత్తో తిప్పలేరు కదా, అదెలా చేస్తారు?

రేఖామాత్రం
అక్కా! బిల్డింగ్ తిరగదు గానీ రోడ్డు మీద మనుషులు కదులుతారు!

రాత్రంతా దీని మీదే కూర్చున్నాను. మా రోడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంది. ముఖాన్ని చదునుగా కాకుండా నిలువు మడతలుగా, చీర కుచ్చిళ్ళలా పెడితే, ప్రతి మడతకీ రెండు ముఖాలు: ఒకటి వాయవ్యానికి, ఒకటి నైరుతికి. ఒకవైపు నీలం, రెండోవైపు ఆకుపచ్చ. ఉత్తరం నుంచి బండి మీద వచ్చేవాడికి నీలం బిల్డింగ్, దక్షిణం నుంచి వచ్చేవాడికి ఆకుపచ్చ బిల్డింగ్. ఎదురుగా నిలబడితే రెండూ కలిసిన నెమలికంఠం. ఎ4 కాగితం మడిచి రెండువైపులా స్కెచ్ పెన్నుతో రంగు వేసి టేబుల్ చుట్టూ తిరిగాను. మా అమ్మ నన్ను అనుమానంగా చూసింది.

శ్లాబ్‌మామ
ఇప్పుడు దారిలో పడ్డావు. కుచ్చిళ్ళు అందానికే అనుకుంటున్నావేమో, అసలు లాభం బలం. అదే ఎ4 కాగితాన్ని మడతలు లేకుండా ఒక అంచు పట్టుకుని చాపు, వాలిపోతుంది. విసనకర్రలా మడిచి చాపు, నిలబడుతుంది. రేకుల షెడ్డు రేకుకి అలలుండేది అందుకే (సోదరుడు ఏమీ అనుకోకూడదు). మూడు మీటర్ల పొడవున 2 మి.మీ. అల్యూమినియం షీటు చదునుగా నిలబెడితే గాలికి పళ్లెంలా డబడబమంటుంది. 150 మి.మీ. లోతు మడత పెట్టు, వెనక సపోర్టులు సగానికి తగ్గుతాయి.

లెక్క కూడా విను. హైదరాబాద్‌కి మన బిల్డింగ్ ప్రమాణాల కోడ్‌లో గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. మిగతా గుణకాలు పక్కనపెట్టి 0.6తో వేగం వర్గాన్ని గుణిస్తే చదరపు మీటరుకి సుమారు 1,160 న్యూటన్లు, అంటే 118 కిలోల తోపుడు. నీ ముఖం 252 చదరపు మీటర్లు. మొత్తం దాదాపు 30 టన్నులు. మడతలు కలుపుకున్నా నీ రేకు బరువు రెండు టన్నులు దాటదు. కాబట్టి బ్రాకెట్లు బరువు మోయడానికే అనుకోకు, తోసినప్పుడూ లాగినప్పుడూ పట్టుకోవడానికి. చిల్లులు పెడితే కాస్త తగ్గుతుంది, దాన్ని నమ్ముకుని డిజైన్ చేయకు. విజయవాడ, వైజాగ్ అయితే 50 వేసుకోవాలి.

పంతులుబాట
ఎండ లెక్క కూడా కలుపుకో. మనకి మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, మళ్లీ ఆగస్టు మొదట్లో. ఆ రెండింటి మధ్యా సాయంత్రపు ఎండ పడమటికి కాస్త ఉత్తరంగా వాలి కొడుతుంది. అంటే వాయవ్యం చూసే ముఖాన్ని చిల్లుల్లేకుండా మూసెయ్. నైరుతి చూసే ముఖానికి చిల్లులు పెట్టు, వెలుతురు అక్కడి నుంచి వస్తుంది. చలికాలపు సాయంత్రం ఎండ అటు నుంచే వస్తుంది, కాస్త లోపలికొచ్చినా ఇబ్బంది లేదు. ఇంకా మంచిది, రెండు ముఖాలూ సమానంగా పెట్టకు. కుచ్చిళ్ళన్నీ ఒకే వైపుకి పడతాయి కదా, అలా వాయవ్యపు ముఖం పెద్దది, నైరుతిది చిన్నది.

పడుగుపేక
ఆ చిల్లుల్లో ఇక్కత్ పెట్టొచ్చు. గీత గీసినట్టు కాకుండా, నడుమ పెద్ద చిల్లులు, అంచుకి వచ్చేకొద్దీ చిన్నవి, ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి. దూరం నుంచి చూస్తే అంచు చెదిరినట్టే ఉంటుంది. ఒక్కో ప్యానెల్ బిగించేటప్పుడు నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే తిట్టుకోకండి. మాకూ అలాగే అవుతుంది.

రేకులషెడ్డు
ఈ మాట మా కుర్రాళ్లకి ప్రింట్ తీసి అంటిస్తా.

చిల్లుల్లో మూడే సైజులు పెట్టండి: 6, 10, 14 మి.మీ. ఒక్కో చిల్లూ ఒక్కో సైజంటే పంచింగ్ మెషీన్ వాడు మనల్ని చూసి తలుపేసుకుంటాడు. ఇప్పుడు అసలు తలనొప్పులు. ఒకటి, అల్యూమినియం ఎండకి పెరుగుతుంది. మూడు మీటర్ల ముక్క తెల్లవారుజామున 20 డిగ్రీలుండి, మే నెల సాయంత్రం 65కి వెళితే మూడు మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. పైన గట్టిగా బిగించి కింద పొడుగు రంధ్రం ఇవ్వాలి. లేకపోతే సాయంత్రం ఆరుకి టప్ టప్‌మని చప్పుళ్లు, ఓనర్ దయ్యమనుకుంటాడు. రెండు, ఇనుప బ్రాకెట్‌కి అల్యూమినియం నేరుగా తగలనివ్వద్దు, మధ్యలో రబ్బరు వాషర్, స్టెయిన్‌లెస్ బోల్టు. మూడు, పావురాలు. ఈ ఊళ్లో గోడకీ జాలీకీ మధ్య అడుగున్నర ఖాళీ వదిలితే నెల తిరక్కుండా కాపురం పెడతాయి. పైనా కిందా పక్కలా నెట్ కొట్టాలి, అయినా మనిషి లోపలికి దూరి కడగడానికి రెండడుగుల నడవ ఉండాలి. అది ఎలివేషన్ బొమ్మలో ఎవరూ గీయరు.

వైజాగ్‌గాలి
బోల్టుల దగ్గర పిసినారితనం వద్దు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు 1920లలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కాంక్రీటు దిమ్మెల మధ్య అడ్డంగా నిలువుగా ఉక్కు కడ్డీలు దూర్చి "టెక్స్‌టైల్ బ్లాక్" ఇళ్లు కట్టాడు. గోడనే నేశాడన్నమాట. ఆ దిమ్మెల్లోకి తేమ దిగి కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బాయి, 1924 నాటి ఎన్నిస్ హౌస్ మరమ్మతులకి తలప్రాణం తోకకొచ్చింది. ఎంత గొప్ప నేత అయినా దారం తుప్పు పడితే అంతే.

రేఖామాత్రం
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఒక మడత ముక్క నిజం సైజులో చేయించాం, 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. సైట్ ముందు కర్రలకి కట్టి నిలబెట్టాం. సాయంత్రం నాలుగున్నరకి చిల్లుల వెలుతురు లోపలి గోడ మీద చుక్కలు చుక్కలుగా పడింది. అంచులు చెదిరి, అచ్చం పడుగుపేక అన్న చెప్పినట్టే. ఓనర్ గారు రోడ్డు అటు చివర నుంచి ఇటు చివరకి మూడుసార్లు స్కూటర్ నడిపారు. నాలుగోసారి వాళ్లమ్మగారిని ఎక్కించుకుని వచ్చారు.

ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. దగ్గరకొచ్చి రేకుని కింద పట్టుకుని వేలితో తడిమి, "బానే ఉంది బిడ్డా. అంచేదీ?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు.

కొంగుచాటు
హహ్హా, కౌంటర్‌లో రోజూ అడిగే ప్రశ్న!

పడుగుపేక
అమ్మమ్మ సరిగ్గా అడిగింది. నేలకి రాసుకునేది, కాలి కింద పడేది అంచే. అందుకే ఒత్తుగా నేస్తారు. మీ బిల్డింగ్‌కి కింద మూడడుగులు చూడండి. బండ్లు ఆనిస్తారు, పాన్ ఉమ్ముతారు, వానకి బురద చిందుతుంది. అక్కడ ఆ పల్చటి రేకు నిలుస్తుందా?

రేఖామాత్రం
నిలవదు. అక్కడ నల్లరాయి పెడదామనుకుంటున్నా అన్నా. కానీ రాయి దగ్గర రేకు కత్తిరించినట్టు ఆగిపోతే రెండు వేర్వేరు బిల్డింగుల్లా ఉంది.

పడుగుపేక
గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరు వేరు దారాలు, కుట్టు ఉండదు. కలిసే చోట ఒకదాని దారం ఇంకోదానిలోకి పెనవేసి పళ్లు పళ్లుగా నేస్తారు, కోటకొమ్మ అంటారు.

రేఖామాత్రం
అంటే మడతలు కింద కోసుగా దిగి, రాయి వాటి మధ్యలోకి కోసుగా ఎక్కాలి. మడతలు ఎలాగూ కోసుగానే ఉన్నాయి! రేపే గీస్తాను.

రేకులషెడ్డు
గీయండి గానీ రాయికీ రేకుకీ మధ్య 12 మి.మీ. సందు ఉంచండి, సాగుతుందని ముందే చెప్పా. రేకు చివర నీళ్లు రాయి మీద కారకుండా చిన్న మడత బయటికి పెట్టాలి, లేకపోతే మొదటి వానకే నల్లరాయి మీద తెల్ల చారలు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆషాఢం సేల్‌కి ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఎక్కడ కడతారు?

రేఖామాత్రం
ఓనర్ గారు మొదటి మీటింగ్‌లోనే అడిగారు అన్నా. పక్క గోడకి ఎనిమిది హుక్కులు పెట్టి డ్రాయింగ్‌లో చూపించాను. ముందు ముఖానికే కావాలంటున్నారు. బేరం నడుస్తోంది.